పురపాలక సంఘమున మన పని

(సంఘ వార్షిక మహాసభలో కార్యవర్గము పక్షమున చేసిన ప్రసంగము)

 

ఈ యేడు కార్యవర్గమునకు అందిన ఉత్తరములలో ఒక కోరిక మరల మరల కానవచ్చినది. రాబోవు పురపాలక ఎన్నికలలో మన సంఘమే తెలుగువారి పక్షమున అభ్యర్థులను నిలుపవలెననియు, తెలుగు ఇండ్లు మిక్కిలిగానున్న వార్డులందు వారిని గెలిపించుకొనవలెననియు ఆ కోరిక. కార్యవర్గము దీనినిగూర్చి మూడు పర్యాయములు కూర్చుండి ఆలోచించినది. నిలుపరాదనియే మా నిర్ణయము. ఈ మాట కొందరికి కష్టముగా తోచునని ఎరుగుదుము. కావున ఏల నిలుపరాదో, నిలుపకున్నను మనము చేయవలసిన పని ఎంత కలదో కొంచెము వివరముగా మనవి చేసికొనుచున్నాము.

మొదట ఒక పాత సంగతి. మన కుటుంబములు ఈ ఊరికి ఏ తరమున వచ్చినవో నిశ్చయముగా చెప్పగలవారు మనలో అరుదు. నాయకరాజుల వెంట వచ్చితిమని కొందరు, మగ్గము వెంట వచ్చితిమని కొందరు చెప్పుదురు. వచ్చిననాడు ఈ రాష్ట్రముల సరిహద్దులు లేవు. తరువాత తెల్లవారి కాలమున ఈ సభలోని పెక్కుమంది తాతముత్తాతలు ఒకే పురపాలక శాసనము క్రింద బ్రదికిరి. 1865లోను, 1871లోను మద్రాసు ప్రభుత్వము ఊళ్ల బాగునకు శాసనములు చేసినది. 1882లో రిప్పను ప్రభువు స్థానిక స్వపరిపాలన తీర్మానము వెలువడిన పిమ్మట 1884 శాసనమును, దానికి మారుగా 1920లో మద్రాసు జిల్లా పురపాలక సంఘముల శాసనమును వచ్చినవి. సేలమునకును, రాజమహేంద్రవరమునకును, బళ్లారికిని, బరంపురమునకును అదియే శాసనము. 1936లో బరంపురము ఒరిస్సాలో చేరినది. అచ్చటి కొత్త పురపాలక శాసనము 1950 నాటిది. బళ్లారి 1953లో మైసూరు రాష్ట్రమున చేరినది. దానికి 1964 శాసనము వచ్చినది. ఆంధ్రప్రదేశమునకు 1965లో వేరు శాసనమేర్పడినది. తమిళనాట మాత్రము ఆ 1920 నాటి శాసనమే సవరణలతో 2023 ఏప్రిలు వరకు నడచినది. నూరేండ్లు దాటిన పిదప దాని స్థానమున 1998 నాటి నగర స్థానిక సంస్థల శాసనము అమలులోనికి వచ్చినది. బంధువులు వేరు రాష్ట్రముల పాలయినను, ఇంటిపన్ను కట్టిన చట్టము మాత్రము చాలకాలము ఒక్కటే.

ఆ శాసనముల క్రింద పదవులు నెరపిన పెద్దలలో మనమెరిగినవారు కలరు. టంగుటూరి ప్రకాశము పంతులుగారు 1904లో రాజమహేంద్రవర పురపాలక సంఘమునకు అధ్యక్షులైరి. రాజాజీగారు మనదేశపు గవర్నరు జనరలు కాకమునుపు, ముఖ్యమంత్రి కాకమునుపు, 1917 మొదలు 1919 వరకు సేలము పురపాలక సంఘాధ్యక్షులు. ఆ సంఘమునకు మొదటి దళిత సభ్యుడు ఎన్నికగుటకు తోడ్పడినవారు వారే. చెన్నపట్టణము చిన్న ఊరు కాదు కాని, మనవారని చెప్పుకొనుచుందుము గనుక సర్ పిట్టి త్యాగరాయశెట్టిగారిని తలపక పోరాదు. తెలుగు దేవాంగ కుటుంబమున పుట్టిన ఆయన సుమారు నలుబదేండ్లు కార్పొరేషనులో సభ్యులు; ప్రభుత్వోద్యోగి గాక అధ్యక్షపదవి నందినవారిలో మొదటివారు. 1920లో మద్రాసు రాజధానికి ప్రధాని పదవి తమకు రాగా వలదని, కార్పొరేషను పనియందే నిలిచిరి. అదే ఏడు థౌజండులైట్స్ ప్రాంతమున కార్పొరేషను బడిలోని పిల్లలకు మధ్యాహ్న భోజనము పెట్టించిరి. పిల్ల యొక్కంటికి దినమునకు ఒక అణా మించరాదని లెక్క. ఆ అన్నము పేదపిల్లల కొరకు వండినది. తెలుగు పిల్లల కొరకు గాదు. మనవారని మనము గర్వించు ఆయన మనకొరకని చేసిన పని కాదది. మా నిర్ణయమునకు మూలము ఇచ్చటనే కలదు.

ఇక నీటి సంగతి చూతము. ఊరి పదవికి నిలువదలచినవారు మొదట తెలిసికొనవలసినది నీటి లెక్క. మురుగు గొట్టములు వేసిన ఊరికి మనిషి ఒక్కంటికి దినమునకు 135 లీటర్లు, కుళాయిలుండియు మురుగు గొట్టములు లేని ఊరికి 70 లీటర్లు ఇయ్యవలెనని కేంద్ర ప్రభుత్వపు ఇంజనీర్లు ప్రమాణమేర్పరచిరి. ముప్పదివేల జనముగల చిన్న ఊరికి తక్కువ లెక్క చొప్పునను దినమునకు 21 లక్షల లీటర్లు కావలెను. అంత నీరు ట్యాంకునకు ఎక్కుచున్నదా? ఎక్కినదంతయు ఇండ్లకు చేరుచున్నదా? ఎన్ని దినములకొకసారి వదలుచున్నారు? ఈ మూడు ప్రశ్నలకు బదులు చెప్పలేని కౌన్సిలరు తక్కిన ప్రసంగములన్నియు మానుకొనుట మేలు.

మన ఊరి చివరి వీధిలోని అమ్మలు అరగంటసేపు బిందె పట్టుకొని నిలుచుందురు. కుళాయి వచ్చీరాక యుండును. ట్యాంకులో నీరు లేక కాదు. నడుమనున్న ఇండ్లవారు కుళాయి గొట్టమునకే మోటారు బిగించి లాగుకొనుచుండుటచే చివరివారికి ఒత్తిడి చాలదు. మోటారు బిగించుట నిషిద్ధమని అందరికిని తెలియును. దానిని విప్పించవలసినవాడు కౌన్సిలరు. ఆ మోటారు మనవారి యింటనే యున్నయెడల? కొన్ని ఉన్నవి, ఈ సభలో దాచవలసిన పని లేదు. తెలుగు ఇండ్ల ఓట్లతో, తెలుగు సంఘపు పేరిట గెలిచిన మనిషి ఆ తలుపు తట్టగలడా? తట్టినయెడల "మనవాడవై యుండి నీవే ఇట్లు చేయుదువా బాబూ" అందురు. తట్టనియెడల, చివరివీధి తమిళ సోదరుడు "వారి సంఘము వారిది, మన కుళాయి ఎండుటయే" యనుకొనును. అట్లనుకొనుటలో తప్పు లేదు. ఏడుతరములుగా ఈ ఊరి నీరు త్రాగినవారికి అంతకంటె చెడ్డపేరు లేదు. సంఘము అభ్యర్థిని నిలిపినయెడల ఆ అభ్యర్థి చేతులు మనమే కట్టివేసినవారమగుదుము.

కావున మనవారు నిలువవచ్చును, నిలువవలెను, ఊరివారుగా నిలువవలెను. ఏ పార్టీ పక్షమున నిలుతురో, స్వతంత్రముగా నిలుతురో అది వారి ఇష్టము. పని నేర్చుకొనుటకు సంఘము తోడ్పడును.

రోడ్డు విషయమొకటి చెప్పవలెను. కొత్త రోడ్డు పడినదని సంతోషించు మనవారు పక్కనే పల్లమైన గడపను చూడరు. పాత తారును చెక్కి తీయక దానిమీదనే కొత్త పొర పరచుచుండుటచే రోడ్డు ఏటేట లేచుచున్నది. మా చిన్ననాట మూడు మెట్లెక్కి పోవు ఇండ్లకు నేడు రెండు మెట్లు దిగి పోవుచున్నాము. ఐప్పసి వానలలో వీధినీరు నడవలోనికి వచ్చుచున్నది. నేతయిండ్లలో మగ్గపు గుంటలు నిండుచున్నవి. పాత పొరను చెక్కిన పిమ్మటనే కొత్తది వేయవలెనని టెండరు కాగితములో ఒక వాక్యముండిన చాలును. ఆ వాక్యమున్నదా లేదా యని టెండరు తెరువకముందే చదివి అడుగుటయే కౌన్సిలరు పని. శంకుస్థాపన పలకమీద పేరు చెక్కించుకొనుట కంటె ఇది మేలైన పని. ఫొటో మాత్రము ఉండదు.

వీధిదీపములు, చెత్తబండి మొదలగువానిని గూర్చి చెప్పనక్కరలేదు. అవి వెలుగనినాడు, రానినాడు అందరును అడుగుదురు. ఎవరును అడుగనిది పద్దు. పదునైదవ ఆర్థిక సంఘము 2021–26 కాలమునకు, పది లక్షలు మించని ఊళ్లకు ఇచ్చు నిధులలో 60 శాతమును త్రాగునీటికిని పారిశుద్ధ్యమునకును కట్టివేసినది. ఆ సొమ్ము కొత్త కమానునకు, గోపుర గడియారమునకు పెట్టరాదు. మన ఊరికి ఎంత వచ్చినది, దేనికి పోయినది అని సభలో వ్రాతమూలముగా అడుగుటకు సభ్యునకు హక్కు కలదు. ఆ ప్రశ్న అడుగుటకు గొప్ప చదువు అక్కరలేదు. కూడికలు వచ్చిన చాలును. మన కిరాణా కొట్లలో తరతరములుగా పద్దు వ్రాసినవారి మనుమలకు ఇది చెప్పవలెనా?

పన్ను మాట చేదు. చీరాల కథ మనవారందరికిని తెలిసినదే. 1919లో చీరాల పేరాలలను కలిపి పురపాలక సంఘము చేయగా, సాలుకు నాలుగువేల రూపాయలుగానున్న పన్ను నలుబదివేలకు చేరినది. ప్రజలు ఒల్లమనిరి. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఊరివారిలో అధికులు ఇండ్లు విడిచి, ఊరి వెలుపల రామనగరమను పేర పాకలు వేసికొని పదునొకండు నెలలు ఎండకు వానకు ఓర్చిరి. ఆ గాథను తలచునపుడెల్ల మనస్సు పొంగును. అయితే నేడు ఇంటిపన్ను బాకీ పెట్టినవారు కొందరు చీరాలను సాకుగా చెప్పుట మేము వింటిమి. చీరాలవారు తమ సమ్మతి లేక మోపిన సంఘమును కాదనిరి. మనము ఓటువేసి నిలుపుకొనిన సంఘమునకు పన్ను ఎగవేయుట వేరు. 2022లో ఈ రాష్ట్రమున ఫిబ్రవరి 19వ తేదీన ఎన్నికలు జరిగినవి. ఏప్రిలు మొదటనే పన్ను పెంపు వెలువడినది. చిన్న ఊళ్లలో 600 చదరపుటడుగులు మించని ఇంటికి 25 శాతము, 1,800 అడుగులు దాటిన యింటికి నూటికి నూరు. పెంపు న్యాయమా కాదా యని వాదించవచ్చును. కాని కొలత సరిగా వేసినారా యని ఒక్కొక్క ఇంటివారును చూచుకొనవలెను. పెంకుటింటిని మిద్దెగా, కాపురపు ఇంటిని కొట్టుగా వ్రాసియుండిన అభ్యంతరపత్రము పెట్టుకొనవచ్చును. గడువు దాటిన పిదప ఎవరును ఏమియు చేయజాలరు.

ఎన్నికలే జరుగని కాలమెట్లుండునో మనమెరుగుదుము. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూను 1వ తేదీన అమలునకు వచ్చినది. పురపాలక సభ కాలపరిమితి ఐదేండ్లనియు, అది తీరకమునుపే ఎన్నిక జరుగవలెననియు అందు స్పష్టముగా కలదు. అయినను తమిళనాట 2016 అక్టోబరులో సభల గడువు తీరిన తరువాత 2022 వరకు కౌన్సిలరు లేడు. ప్రత్యేకాధికారులు నడపిరి. వారిలో మంచివారును ఉండిరి. కాని కాలువ పూడినదని రాత్రి పదిగంటలకు తలుపు తట్టుటకు వీలగు ఇల్లు వార్డులో లేకపోయెను. యానామువారి అనుభవము ఇంకను చేదు. ఫ్రెంచివారి 1880 డిక్రీతోనే అచ్చట మునిసిపల్ కౌన్సిలు, మేయరు ఏర్పడిరి. 1954లో యానాము విముక్తి పొందినది. 1968 ఎన్నికల తరువాత పుదుచ్చేరి ప్రాంతములన్నిట మరల పురపాలక ఎన్నికలు జరిగినది 2006లో! ముప్పదియెనిమిదేండ్లు. ఆ సభల గడువు 2011లో తీరినది. 2021లో ప్రకటించిన ఎన్నికలును నిలిచిపోయినవి. తాతకు ఓటు వేయుట తెలిసి, తండ్రికి తెలియక, మనుమనికి ఒకమారు తెలిసిన ఊరది. కావున ఎన్నికలు జరుగు అదృష్టమున్నచోట వానిని కులపెద్దల పంచాయితీగా, భాషా పంతముగా వ్యర్థపరచుట మాకు సమ్మతము గాదు.

"అట్లయిన తెలుగు మాటయేమి? సంఘమెందుకు?" అని యువకులు అడుగుదురు. అడుగవలసినదే. తెలుగు మాట ఓటుపెట్టెవద్ద గాక కార్యాలయపు బల్లవద్ద అడుగవలసియున్నది. రాజ్యాంగమున 350వ అధికరణము ప్రకారము, కష్టము చెప్పుకొను అర్జీని దేశమునందు లేక రాష్ట్రమునందు వాడుకలోనున్న ఏ భాషయందైనను ఏ అధికారికైనను ఇయ్యవచ్చును. 1956లో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన రక్షణలును, 1961లో ముఖ్యమంత్రులు కూడి ఒప్పుకొనిన మాటలును కలవు. పురపాలక సంఘము, తాలూకా వంటి చిన్న ప్రాంతమున అల్పసంఖ్యాకుల భాష 15 మొదలు 20 శాతము జనులదైనయెడల ముఖ్యమైన ప్రకటనలు, నియమములు ఆ భాషలోను ప్రచురింపవలెనని వానిలో నున్నది. మన ఊరి లెక్క చూపి, నీటి పన్ను నోటీసు, టీకాల ప్రకటన, వరదహెచ్చరిక తెలుగులోను ఇయ్యుడని కోరుటకు ఆధారమిదియే. ఈ పని ఏ కౌన్సిలరు చేసినను మంచిదే. తమిళ సోదరుడు ప్రతిపాదించి మనవారు బలపరచిన ఇంకను మంచిది.

అర్జీ తెలుగులో వ్రాసినపుడు తమిళ ప్రతిని జతపరచుడని మా సలహా. హక్కు మనదైనను, బల్లవద్ద కూర్చున్న గుమాస్తాకు తెలుగు రాకపోవుట అతని నేరము గాదు. పని కావలెను గదా.

అన్నిటికంటె ముఖ్యమైనది, అన్నిటికంటె తక్కువగా మనము పట్టించుకొనునది, జనన నమోదు. పుట్టిన 21 దినములలో తెలుపవలెనని 1969 శాసనము. పేరు పెట్టకముందు నమోదు చేసినయెడల పండ్రెండు నెలలలో రుసుము లేక పేరు చేర్పించవచ్చును. తరువాత పదునైదేండ్లవరకు రుసుముతో చేర్పించవచ్చును. 2023 అక్టోబరు 1వ తేదీ మొదలు పుట్టిన పిల్లలకు బడిలో చేరుటకును, ఓటుకును, పాస్‌పోర్టుకును జనన ధ్రువపత్రమే పుట్టుక తేదీకి ఆధారమని శాసనము సవరింపబడినది. ఇక పేరు చూడుడు. తమిళ లిపిలో క ఖ గ ఘ లకు ఒక్కటే అక్షరము. అందులో వ్రాసిన గోపాలుని పేరు చూచి ఇంగ్లీషు లిపిలోనికి ఎక్కించునపుడు గుమాస్తా తొందరపడిన గోపాలుడు కోపాలుడగును. మన గంగమ్మలు కంకమ్మలగుదురు. ఇంటిపేరు ఒక కాగితమున ముందు, మరియొక కాగితమున వెనుక, ఇంకొకదానిలో మాయము. నవ్వుకొనుటకు బాగుగానే యుండును. పదునెనిమిదేండ్ల తరువాత ఆ పిల్ల కళాశాల ద్వారమువద్ద కన్నీరు పెట్టుకొనునపుడు నవ్వు రాదు. బిడ్డపేరును రెండు లిపులలోను పెద్ద అక్షరములతో కాగితముపై వ్రాసి ఇచ్చి, పత్రము చేతికి వచ్చిన క్షణముననే చదివి చూచుకొనుడు. ఎవరిని నిందించుటకును ఇది చెప్పుట లేదు. మన పేరు మనము కాపాడుకొనుటకు.

స్త్రీల విషయమొక్కటి మిగిలినది. 2022 ఎన్నికలలో తమిళనాట స్థానములలో సగము స్త్రీలకు కేటాయింపబడినవి. మన ఇండ్ల ఆడపడుచులు నిలుతురు, గెలుతురు. గెలిచిన పిదప భర్తగారు కార్యాలయమునకు పోయి కుర్చీలో కూర్చుండుట, సంతకము మాత్రము ఇంటికి తెచ్చి పెట్టించుకొనుట పలుచోట్ల కన్నాము. ఇది సిగ్గుమాలిన పని. చివరివీధి కుళాయివద్ద నిలిచినవారు ఎవరు? ఆ అమ్మ సభలో లేచి మాటాడిన పది నిమిషములు, ఎన్నడును బిందె మోయని భర్తగారి పదిమాసముల పెత్తనము కంటె ఊరికి ఉపయోగము. మన సంఘ సభ్యులెవరైనను అట్లు భార్య పదవిని తాము నడపుచున్నయెడల వారిని ఈ వేదికపైకి పిలువము.

మూడు లక్షలు దాటిన ఊళ్లకే వార్డు కమిటీలు తప్పనిసరియని రాజ్యాంగమున నున్నది. మనవంటి చిన్న ఊరికి ఆ నిర్బంధము లేదు కనుక, గెలిచినవారు తామే నెలకొకసారి వీధి అరుగుమీద జనులను కూర్చవలెను. పిలువనివారిని మనమే పిలువవలెను.

ఈ యేడు కార్యవర్గము తలపెట్టిన పని ఇది. పురపాలక సభ అజెండాను, వార్షిక పద్దును సంపాదించి మన పఠనాలయపు బల్లపై ఉంచుదుము. ప్రతి నెల రెండవ ఆదివారము ఉదయము కూర్చుండి చదువుదము. తమిళము చదువలేని పెద్దలకు చదివి చెప్పుటకు నలుగురు యువకులు కావలెను. అక్టోబరు వానలకు ముందు ఊరి కాలువల వెంట కాలినడకన పోయి, ఎచ్చట పూడినదో వ్రాసికొని, వార్డువారీగా కౌన్సిలర్లకందరికిని పంపుదుము. వారి భాష, పార్టీ చూడము. జనన పత్రములలో పేరు తప్పిన ఇండ్లవారు ఆ కాగితములను, ఇంటిపన్ను కొలతలో సందేహమున్నవారు గత అర్ధసంవత్సరపు రసీదును తెచ్చి కార్యదర్శిగారికి చూపుడు. నడకకు పేరిచ్చువారు నేడే ద్వారమువద్దనున్న పుస్తకములో వ్రాయుడు. చెప్పులు గట్టివి తెచ్చుకొనవలెను. కొన్నిచోట్ల కాలువ గట్టు లేదు.